ఇళ్లు పెరిగినా పాత పైపేనా?

ప్రశ్న: అమెరికాలో సహజవాయువు పైపులైన్ల పక్కన జనాభా పెరిగినా పాత గొట్టాలు మార్చకుండా మినహాయింపులు ఎలా ఇస్తున్నారు?

జవాబు: అక్కడ పైపుకు ఇరువైపులా 220 గజాల మేర, మైలు పొడవున ఉన్న నివాసాలను లెక్కించి ప్రాంతానికి తరగతి నిర్ణయిస్తారు. ఇళ్లు పదికి మించకుంటే మొదటిది, 46 లేదా అంతకు మించితే మూడవది. తరగతి పెరిగితే 24 నెలల్లో పీడన పరీక్షతో సామర్థ్యం నిరూపించడమో, పీడనం తగ్గించడమో, గొట్టం మార్చడమో చేయాలి. మార్పిడి ఖర్చు భారీ కనుక, పైపులోకి పరికరాలు పంపి తుప్పును, పగుళ్లను తరచుగా తనిఖీ చేయాలన్న షరతులపై ఫెడరల్ నియంత్రణ సంస్థ ప్రత్యేక అనుమతులిస్తుంది. తరచూ తనిఖీ చేస్తే పాత గొట్టమూ సురక్షితమేనన్న ఈ వాదన నిరాధారం కాదు. అయితే తనిఖీ ప్రమాదావకాశాన్ని తగ్గిస్తుందే గాని, చుట్టూ ఉన్న జనాన్ని తగ్గించదు. పైగా అనుమతులకు ఆధారం పైపులైన్లు నడిపే సంస్థల రికార్డులే. 2010లో కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో ఎనిమిది మందిని బలిగొన్న పైపు అతుకు దగ్గరే పగిలింది. రికార్డుల్లో మాత్రం అది అతుకులేని గొట్టం!