4 గంటలకి లేపకండమ్మా, రాత్రికి మూడు లెక్కలు చాలు

తెనాలి దగ్గర పల్లె నుంచి ఒక అమ్మ రాశారు. వాళ్ళబ్బాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో క్లాసు, కలెక్టర్ అవుతా అంటాడంట, స్కూళ్ళు తెరవగానే పొద్దున 4 నుంచి రాత్రి 11 దాకా టైంటేబుల్ రాసి గోడకి అంటించారంట, నాలుగో రోజుకే వాడు లేవడం మానేశాడంట. "సార్, వీడికి పట్టుదల లేదు, మంచి అలవాట్లు ఎలా చేయాలి" అని అడిగారు.

అమ్మా, తప్పు పిల్లాడిది కాదు, టైంటేబుల్‌ది. రాత్రి 11కి పడుకుని 4కి లేస్తే ఐదు గంటల నిద్ర, ఆ వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలని డాక్టర్లు చెప్తారు, పెద్దవాళ్ళం మనమే నాలుగు రోజులు అలా ఉండలేం కదా. ఇంకో సంగతి, ఆ టైంటేబుల్ రాసింది ఎవరు? చేతిరాత మీదే అయితే అది మీ గోల్, వాడిది కాదు.

కలెక్టర్ అవ్వాలనుకోవడం మంచిదే, ఎవరూ నవ్వకండి. కాకపోతే దానికి సివిల్స్ పరీక్ష రాయాలంటే డిగ్రీ ఉండాలి, 21 ఏళ్ళు నిండాలి, అంటే వాడికి ఇంకా కనీసం ఏడేళ్ళు, అంత దూరంలో ఉన్నదాని కోసం ఈ రాత్రి ఏం చేయాలో వాడికి ఎలా తెలుస్తుంది? అందుకని పక్కన కూర్చుని ఒక్కో మెట్టు కిందికి దించండి. మధ్యలో ట్రిపుల్ ఐటీ ఉంది, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు, రెండేళ్ళు పీయూసీ (అంటే ఇంటర్ లాంటిది) నాలుగేళ్ళు బీటెక్, పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆ బీటెక్‌తో సివిల్స్ కూడా రాయొచ్చు. పదో తరగతి 600 మార్కులకి, దాని కంటే ముందు ఈ ఏడాది ఎఫ్ఏ-1, అంటే స్కూల్లో పెట్టే మొదటి చిన్న పరీక్ష, దాని కంటే ముందు ఈ రాత్రి. ఈ రాత్రి పని మాత్రం వాడి చేత్తోనే రాయించండి, అది మూడు లెక్కలే అయినా సరే. జ్వరం వచ్చిన రోజు కూడా చేయగలిగేంత చిన్నదిగా ఉండాలి, అప్పుడే అలవాటు అవుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక పాప సంగతి చెప్తా. బహుపదుల లెక్కలో ప్రతిసారీ ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్‌కి ఏ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసి వదిలేసేది, మధ్యలో టూ ఏబి ఎగిరిపోయేది, ఇంట్లో అందరూ లెక్కలు రావు అనుకున్నారు. ఒక పాత నోట్‌బుక్ తీసి తప్పుల పుస్తకం అని పేరు పెట్టించాను, చేసిన తప్పు ఎర్ర పెన్నుతో, కింద సరైనది నీలం పెన్నుతో, రోజూ పడుకునే ముందు ఒకసారి తిరగేయడం అంతే. పది రోజుల్లో టూ ఏబి మర్చిపోవడం పోయింది. ఆ పాపకి లెక్కలు రాకపోవడం కాదమ్మా, తన తప్పు ఎక్కడుందో ఎవరూ కూర్చుని చూపించలేదు.

అన్నం తిన్నాక అరగంట, రోజూ అదే చోటు, చాప మీదైనా పర్లేదు. ఆ అరగంట ఫోన్ వంటింట్లో ఉండాలి, వాడిదే కాదు మీదీ, నాన్నగారిదీ కూడా, టీవీ కూడా ఆపేయండి, మనం సీరియల్ చూస్తూ వాణ్ణి చదువుకో అంటే వాడి చెవులన్నీ ఇటే ఉంటాయి. అయిపోయాక గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీకి వాడే టిక్ పెట్టుకోవాలి. ఒక రోజు తప్పితే తిట్టకండి, రెండో రోజు మాత్రం తప్పనివ్వకండి. పక్కింటి పిల్లాడి మార్కుల మాట అసలు ఎత్తొద్దు, ఇది బతిమాలి చెప్తున్నా.

ఎఫ్ఏ-1 అయ్యాక మళ్ళీ రాయండి. మార్కులు తర్వాత, ముందు ఆ తప్పుల పుస్తకం ఎన్ని పేజీలు నిండిందో చెప్పండి.