మైపాడులో సూర్యోదయానికి గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్: సాఫ్టా, హార్డా?

ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెడితే ఇసుక, పడవలు నల్లగా వస్తున్నాయి, ఇసుకకు పెడితే ఆకాశం తెల్లబడిపోతోంది, ఏ ఫిల్టర్ కొనాలి అని అడిగారు. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ అంటే పైసగం ముదురుగా, కిందిసగం తేటగా ఉండేది, ఆ ముదురు సగం ఆకాశపు వెలుగును తగ్గిస్తుంది. ముదురు నుంచి తేటకు మెల్లగా మారితే సాఫ్ట్, ఒక్కసారిగా మారితే హార్డ్. మైపాడు బీచైనా, కొత్తపట్నం బీచైనా నా ఓటు హార్డ్‌కే. సాఫ్ట్‌తో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు గానీ, అది కొండలూ చెట్లూ అడ్డొచ్చే చోట్లకు. మన తీరంలో ఆకాశం, సముద్రం కలిసేచోట గీత గీసినట్టు ఉంటుంది. పైగా తూర్పు తీరం. సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు కాబట్టి వెలుగంతా ఆ గీత దగ్గరే. సాఫ్ట్ ఫిల్టర్ సరిగ్గా అక్కడే పలచబడి, పైన ఎటూ ముదురుగా ఉన్న ఆకాశాన్ని ఇంకా నల్లగా చేస్తుంది. గీత దగ్గరే ముదురుగా ఉండే రివర్స్ గ్రాడ్ కూడా ఉంది. పొద్దెక్కాక దానితో పెద్దగా పనుండదు, మొదటి ఫిల్టర్‌గా వద్దు.

ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం. ఎన్ని స్టాపులదో తేల్చుకోవడానికి స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి చూడండి. షట్టర్ స్పీడ్ ఆకాశానికి 1/250, తడి ఇసుకకు 1/30 చూపిస్తే తేడా 3 స్టాపులు. ఆ మూడూ తగ్గించేయకండి. 2 స్టాపుల ఫిల్టర్, అంటే 0.6 అని రాసి ఉండేది, చాలు. తడి ఇసుకలో కనిపించే ఆకాశం అసలు ఆకాశం కంటే కాస్త మసకగానే ఉండాలి. అది తిరగబడిందంటే చూడగానే దొంగతనం బయటపడుతుంది.

లెన్సుకు బిగించే గుండ్రటి గ్రాడ్‌లు చవగ్గా దొరుకుతాయి, తీసుకోకండి. ముదురు, తేట కలిసే గీత ఎప్పుడూ మధ్యలోనే ఉండిపోతుంది. కెమెరాతో పాటే వచ్చే కొన్ని పాత కిట్ లెన్సుల్లో ఫోకస్ చేస్తే ముందు భాగం తిరుగుతుంది, గీత కూడా వంకరపోతుంది. హోల్డర్‌లో దూర్చే పలక ఫిల్టర్ తీసుకుని, లైవ్ వ్యూలో, అంటే కెమెరా తెర మీద, చూస్తూ మెల్లగా దించండి.

ఇదే హార్డ్ ఫిల్టర్‌ను ఉదయగిరి కొండ ముందు వాడితే కొండ పైభాగం నల్లగా తెగినట్టు వస్తుంది. అక్కడ నేను అసలు ఫిల్టరే బయటికి తీయను. ట్రైపాడ్ మీద రెండు ఎక్స్‌పోజర్లు తీసి కంప్యూటర్లో కలుపుతాను, కొండ ఎక్కడికీ పోదు కదా! అలలు, ఊగే పడవలు ఉన్నచోట అలా కలపడం తలనొప్పి. అందుకే సముద్రం దగ్గర ఫిల్టర్ మీద డబ్బు పెట్టడం దండగ కాదంటాను.

ఒక్క జాగ్రత్త. సముద్రపు గాలికి ఉప్పు తుంపర, ఇసుక ఫిల్టర్ మీద చేరతాయి. బ్లోయర్‌తో ఊదకుండా తుడిస్తే, ముఖ్యంగా రెసిన్‌వి (ప్లాస్టిక్ లాంటివి), గీతలు పడిపోతాయి.