ఈత రాదని పడవ మీదే కూర్చోకండి: ఇకాకోస్ వెళ్తున్న మా అమ్మాయికి

అమ్మలూ,

కరీబియన్ దీవి పోర్టో రికోకి టికెట్లు తీసుకున్నామని, అందులో ఒక రోజంతా కాటమరాన్ అనే జంట పడవ మీద ఇకాకోస్ దీవికి వెళ్తున్నామని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ నీకు చెప్పాల్సినవి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. మీ ఇద్దరికీ ఈత రాదు, అత్తగారూ మామగారూ కూడా వస్తున్నారు, పాపకి ఎనిమిదేళ్ళు. "ఈత రానివాళ్ళం కదా పిన్నీ, మేం పడవ మీదే కూర్చుని చూస్తాంలే" అన్నావు చూడు, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో. పడవ మీద నుంచి కనిపించేది నీలం రంగు నీళ్ళే. చూడాల్సిందంతా దాని కింద ఉంది.

నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ కింద చూడటమే స్నార్కెలింగ్. దానికి నిజంగా కావాల్సింది ఈత కాదు. లైఫ్ జాకెట్ నిన్ను తేలుస్తుంది, కాళ్ళకి తొడిగే ఫిన్స్ ముందుకు తోస్తాయి, నువ్వు చేయాల్సిందల్లా మొహం నీళ్ళలో పెట్టి నోటితో నెమ్మదిగా గాలి పీల్చి వదలడం. కష్టమంతా అక్కడే ఉంది. ముక్కు మూసేసి, మొహం నీళ్ళలో ఉండగా గాలి పీల్చమంటే ఒళ్ళు ఒప్పుకోదు, గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే తీస్తాం, అంతలో గొట్టంలోకి రెండు చుక్కలు వస్తే మునిగిపోతున్నామన్నంత కంగారు. ఈ కంగారు సముద్రంలో పడకూడదు. మీ అపార్ట్‌మెంట్ పూల్‌లో, నడుము లోతు నీళ్ళలో, కాళ్ళు నేలకి ఆనుతుండగా పడి అయిపోవాలి.

అందుకే ఇప్పుడే మాస్కులు, గొట్టాలు కొనుక్కుని ప్రతి వారాంతం పూల్‌కి వెళ్ళండి. మొదటిరోజు గొట్టం కూడా వద్దు, మాస్క్ పెట్టుకుని గోడ పట్టుకుని మొహం ముంచి ఊపిరి బిగబట్టి కింద చూడండి చాలు. తర్వాత గొట్టంతో, గోడ పట్టుకునే. తర్వాత గోడ వదిలి. ఊపిరి ఎప్పుడూ దీర్ఘంగా, నెమ్మదిగా ఉండాలి. నువ్వు ఉదయం ప్రాణాయామం చేస్తావు కదా, ఆ పద్ధతే, నోటితో. గొట్టంలో నీళ్ళొస్తే "తూ" అని ఒక్కసారి గట్టిగా ఊదితే బయటికి పోతాయి, ఇది మాత్రం కావాలని గొట్టం ముంచి, నీళ్ళు రానిచ్చి, మళ్ళీ మళ్ళీ ఊది అలవాటు చేసుకోండి. కంగారు పుడితే వెల్లకిలా తిరిగి గొట్టం తీసేసి ఆకాశం చూస్తూ తేలడం కూడా నేర్చుకో, జాకెట్ వేసుకున్నవాళ్ళకి అంతకన్నా గొప్ప రక్షణ లేదు.

మాస్క్ కొనేటప్పుడు పట్టీ వేసుకోకుండా మొహానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి లోపలికి లాగు, చెయ్యి వదిలినా పడిపోకుండా ఉంటే అది నీ మొహానికి సరిపోయినట్టు. వెంట్రుక ఒక్కటి అంచు కింద ఉన్నా నీళ్ళొస్తాయి. మీ ఆయనకి మీసం ఉంది కాబట్టి పైపెదవి మీద కాస్త వాజలీన్ రాసుకోమను. నీకు దూరపు చూపు అద్దాలు కదా, పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి, తప్పకుండా అదే కొను, అక్కడిదాకా వెళ్ళి చేపలన్నీ మసకగా చూసి వస్తే ఎంత బాధ! లోపల ఆవిరి పట్టకుండా ఒక చుక్క బేబీ షాంపూ రాసి తేలిగ్గా కడిగెయ్యి. మొహం మొత్తం కప్పేసే మాస్కులు మాత్రం వద్దు. వదిలిన గాలినే మళ్ళీ పీల్చే ప్రమాదం ఉంది, ఇబ్బంది వస్తే గొట్టంలా నోట్లోంచి ఊసెయ్యలేం, చాలా పడవల వాళ్ళు వాటిని రానివ్వరు కూడా.

ఇక పడవ సంగతి. పోర్టో రికో తూర్పు తీరంలోని ఫహార్దో ఊరి నుంచి పెద్ద కాటమరాన్లు కొన్ని ఇకాకోస్ వైపు, కొన్ని కులేబ్రా వైపు వెళ్తాయి. కులేబ్రా చాలా అందమైన దీవి, 1975 దాకా అమెరికా నౌకాదళం అక్కడ గుళ్ళు పేల్చి సాధన చేసేది, ఫ్లమెంకో బీచ్‌లో తుప్పు పట్టిన ట్యాంకులు ఇంకా ఉన్నాయి. కానీ దారిలో అడ్డులేని సముద్రం ఎక్కువ, ఊపు ఎక్కువ. మొదటిసారికి, పెద్దవాళ్ళతో, ఇకాకోసే సరైనది. అది లా కోర్దియెరా అనే రక్షిత ప్రాంతంలోని దీవి, దగ్గర, గాలి తగలని వైపు నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. మనం విశాఖలోనో సూర్యలంకలోనో కెరటం కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంటే "ఇంక లోపలికి వెళ్ళకు" అనే కేక వింటూ పెరిగాం. ఆ భయం అక్కడికి సరైనదే, ఆ తీరంలో దాన్ని వదులుకోకూడదు. ఇకాకోస్ దగ్గర సముద్రం నడక వేరు. నీళ్ళు అంత తేటగా ఉండటానికీ కారణం ఉంది, మన గోదావరి, కృష్ణల్లా ఒండ్రు తెచ్చి కలిపే పెద్ద నదులు అక్కడ లేవు.

అక్కడ గాలి ఏడాది పొడుగునా ఎక్కువగా తూర్పు నుంచే వీస్తుంది. కాబట్టి వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు, ఇంజన్ మీద, కుదుపులతో. వచ్చేటప్పుడు తెరచాప ఎత్తి హాయిగా. ఉదయం కుదుపు చూసి "సాయంత్రం దాకా ఇంతేనేమో" అని అత్తగారు బెంబేలెత్తుతారు, ముందే చెప్పిపెట్టు. డిసెంబర్ నుంచి మార్చి మధ్య ఉత్తరం నుంచి పెద్ద అలలొచ్చే రోజులుంటాయి, మీరు ఏప్రిల్ ఆఖర్లో వెళ్తున్నారు కాబట్టి నయం. తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30. ఏ నెలైనా సరే, కెప్టెన్ ఈ రోజు వద్దంటే వాదించకండి. పడవ రోజుని ప్రయాణంలో మొదట్లోనే పెట్టుకోండి, రద్దయితే ఇంకో రోజు మిగులుతుంది.

కడుపులో తిప్పడం గురించి. కాటమరాన్‌కి పక్కపక్కనే రెండు అడుగుభాగాలు కాబట్టి పక్కకి ఒరగడం తక్కువ, అయినా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మందు వికారం మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు, పడవ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. మెక్లిజిన్ అందరూ వాడేదే, కానీ గ్లాకోమా, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళకి పడదు, మామగారికి డాక్టర్ని అడక్కుండా ఇవ్వకు. పాపకి పిల్లల డాక్టర్ చెప్పిందే. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, అలాగని హోటల్ బఫేలో నూనె వస్తువులన్నీ తినేసి కూడా ఎక్కొద్దు, రొట్టె ముక్క, అరటిపండు చాలు. పడవ వెనక భాగంలో మధ్యలో కూర్చుని దూరంగా ఆకాశం నీటిని తాకే గీత చూస్తూ ఉండాలి. ఫోన్ చూడకూడదు, లోపలి గదిలోకి వెళ్ళకూడదు. ముందు భాగంలో వల కట్టి ఉంటుంది, ఫోటోలకి బాగుంటుంది కానీ కుదుపంతా అక్కడే.

బట్టల విషయంలో నీకు ఉన్న మొహమాటం నాకు తెలుసు. ఫుల్ హ్యాండ్స్ రాష్‌గార్డ్ అంటే ఒంటికి అతుక్కునే ఈత చొక్కా, కింద ఈత లెగ్గింగ్స్, నీకూ అత్తగారికీ ఇద్దరికీ అవే మంచివి. నీళ్ళ మీద బోర్లా తేలుతుంటే వీపు, మోకాళ్ళ వెనక ఎండకి మాడిపోతుంది, మన రంగుకి ఎండ తగలదనేది ఒట్టి మాట. కాటన్ చుడీదార్, చున్నీతో మాత్రం నీళ్ళలో దిగొద్దు, తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి. తాళి గొలుసు, నల్లపూసలు హోటల్ లాకర్లో పెట్టి ఆ ఒక్కరోజు పసుపుతాడు కట్టుకోండి, అత్తగారికి నేను చెప్పానని చెప్పు, వదినగారు కాదనరు. నీళ్ళలో వేలు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి, పైగా మెరిసే వస్తువుని చూసి బరాకుడా చేపలు చిన్న చేప అనుకుని దగ్గరకొస్తాయి.

సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్ ఉన్నదే కొను. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు పగడాలకి హాని చేస్తాయని పక్కనే ఉన్న అమెరికా వర్జిన్ దీవుల్లో 2020 నుంచి, హవాయిలో 2021 నుంచి వాటి అమ్మకం నిషేధించారు. ఇది నాకు చాలా పట్టింపు ఉన్న విషయం అమ్మలూ. పగడం రాయి కాదు, చిన్న చిన్న జంతువుల కాపురం. దుప్పికొమ్ముల్లా విప్పుకుని ఉండే ఎల్క్‌హార్న్ పగడం ఒకప్పుడు కరీబియన్ అంతా ఉండేది, 2006లో అమెరికా దాన్ని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. నాచు తిని పగడాలని శుభ్రంగా ఉంచే నల్లటి పొడుగు ముళ్ళ సీ అర్చిన్లు 1983–84లో రోగమొచ్చి కరీబియన్‌లో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, మెల్లగా కోలుకుంటుండగా 2022లో మళ్ళీ చచ్చాయి. ఇన్ని దెబ్బలు తిన్న చోటుకి వెళ్తున్నారు. అలసిపోయినా సరే పగడం మీద కాలు పెట్టకండి, చేత్తో పట్టుకోకండి. ఆవాల రంగులో ఉండే ఫైర్ కోరల్ తాకితే మంట కూడా. బుక్ చేసేముందు "లంగరు పగడాల మీద వేస్తారా, మూరింగ్ బాయ్‌కి, అంటే పడవ కట్టడానికి నీళ్ళలో ముందే అమర్చిన తేలే బుంగకి, కడతారా" అని అడుగు, బాయ్‌కి కట్టేవాళ్ళతోనే వెళ్ళు.

ఏం కనిపిస్తుందంటావా, పసుపు మీద నల్లచారల సార్జెంట్ మేజర్ చేపలు మిమ్మల్ని చుట్టుముడతాయి. నీలంగా పళ్ళెంలా ఉండే బ్లూ టాంగ్‌లు మందలుగా వెళ్తాయి. ప్యారట్‌ఫిష్ పగడాన్ని కొరుకుతుంటే ఆ కరకర చప్పుడు నీకు వినిపిస్తుంది, ఒక్క నిమిషం కాళ్ళాడించడం ఆపి విను. అది కొరికి, అరిగించుకుని వదిలేదే ఆ తెల్ల ఇసుకలో చాలా భాగం, పాపకి ఈ సంగతి చెప్పు, పడి పడి నవ్వుతుంది. గడ్డి ఉన్నచోట తాబేలు, ఇసుకలో టేకు చేప ఉండొచ్చు. తాబేలు వెంట పడకండి, కదలకుండా తేలుతూ ఉంటే అదే పక్కనుంచి వెళ్తుంది. ఎర్ర చారలతో ఈకల్లాంటి రెక్కలున్న లయన్‌ఫిష్ కనిపిస్తే దూరంగా ఉండు, ముళ్ళలో విషం ఉంటుంది. అది మన హిందూ, పసిఫిక్ సముద్రాల చేప, అక్కడ చేరి స్థానిక చేప పిల్లల్ని తినేస్తోంది.

పాపకి బరువుకి తగ్గ అసలు లైఫ్ జాకెట్ కావాలి. నోటితో ఊదే స్నార్కెల్ వెస్టులు తేలడానికి సాయమే తప్ప ప్రాణరక్షణకి కాదు, మీ ఇద్దరూ కూడా నురగ నింపిన జాకెట్ అడిగి తీసుకోండి. ఈత రాదని ఎక్కగానే సిబ్బందికి చెప్పు, అందులో సిగ్గేమీ లేదు, గుండ్రటి తెప్ప ఒకటి తాడుకి కట్టి గైడ్ లాక్కెళ్తాడు, దాన్ని పట్టుకుని వెళ్ళండి. ఒకరు పాప చెయ్యి పట్టుకుని ఉండాలి, ఫోటోల పని రెండోవాళ్ళది.

మామగారికి బీపీ, స్టెంటు ఉన్నాయి కాబట్టి డాక్టర్ సరేనంటేనే నీళ్ళలోకి. గొట్టంతో గాలి పీల్చడం గుండెకీ ఊపిరితిత్తులకీ పనే, పెద్దవాళ్ళకి చప్పుడు లేకుండా ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది. ఎవరికైనా సరే ఊపిరి బరువుగా అనిపించినా, ఒంట్లో సత్తువ తగ్గినట్టున్నా, వెంటనే వెల్లకిలా తిరిగి చెయ్యెత్తి పిలవాలి, "ఇంకొక్క నిమిషం" అనొద్దు. ఆయన ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో కూర్చున్నా ఆనందమే, దిగమని బలవంతపెట్టకండి. గాలి సిలిండర్‌తో లోతుకి దిగే స్కూబా చేస్తే విమానం ఎక్కడానికి చాలా గంటలు ఆగాలి కానీ, ఇలా పైపైన తేలడానికి ఆ టెన్షన్ లేదు.

ఇకాకోస్‌లో దుకాణం, టాయిలెట్, మంచినీళ్ళు ఏవీ లేవు, ఏదున్నా పడవలోనే. భోజనం మామూలుగా హామ్, టర్కీ సాండ్‌విచ్‌లు, శాకాహారమని బుక్ చేసేటప్పుడే చెప్పి, అయినా పులిహోర ఒక డబ్బా పెట్టుకో. రమ్ కలిపిన పీనా కొలాడా అడిగినవాళ్ళకి అడిగినంత పోస్తారు, మీ ఆయనకి చెప్పు, నీళ్ళలోంచి పైకొచ్చేశాకే. ఒడ్డున చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలున్న చెట్టు కనిపిస్తే అది మాంచినీల్, కాయ విషం, ఆకుల మీద నుంచి కారిన వాన చుక్క పడినా బొబ్బలెక్కుతాయి, దాని నీడలో తువ్వాలు పరవకండి. సిబ్బందికి టికెట్ మీద 15–20 శాతం టిప్పు, నోట్లు పొడిగా ఉండేలా కవర్లో పెట్టుకో.

కాగితాల మాట. పోర్టో రికో అమెరికాలో భాగమే కాబట్టి వీసా స్టాంపింగ్ గొడవ లేదు, కానీ మీ ఇద్దరి పాస్‌పోర్టులు, అమెరికా వాళ్ళిచ్చిన ఆమోద కాగితాలు ఐ-797లు వెంట ఉండాలి, అత్తగారి వాళ్ళ పాస్‌పోర్టులు, అమెరికాలోకి వచ్చినట్టు నమోదైన ఐ-94 ప్రింటు కూడా. మీ ఆయన అడిగిన సెయింట్ థామస్ కూడా అమెరికాదే, అయితే అక్కడి నుంచి వచ్చేటప్పుడు కస్టమ్స్ తనిఖీ ఉంటుంది, బహామాస్ లాంటి వేరే దేశాలైతే తిరిగి రావడానికి వీసా స్టాంపు చెల్లుబాటులో ఉండాలి. శాన్ హువాన్ విమానాశ్రయంలో వ్యవసాయ శాఖ వాళ్ళు బ్యాగులు స్కాన్ చేస్తారు, మామిడిపళ్ళు తెద్దామని మామగారు ముచ్చటపడితే అక్కడే తినెయ్యమను.

నీ కళ్ళజోడు పవర్ రెండు కళ్ళకీ విడివిడిగా రాసి పంపు, మాస్క్ నేను చూస్తాను. పాపది మాత్రం మీరే దుకాణానికి తీసుకెళ్ళి మొహానికి ఆనించి చూసి కొనండి. ఈ శనివారం పూల్‌లో గోడ పట్టుకుని మొహం ముంచాక ఎలా ఉందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

మీ పిన్ని