గోధుమకు యూరియా తడికి ముందా, తర్వాతా?

ప్రశ్న: సార్, మాది ఆదిలాబాద్ జిల్లా. రెండెకరాల నల్లరేగడిలో బోరు కింద గోధుమ వేశాను, విత్తి 19 రోజులైంది. విత్తేటప్పుడు ఎకరానికి బస్తా డీఏపీ, కొంచెం పొటాష్ వేశాను. పోయినేడాది మొదటి తడి ఇచ్చి, కాలు దిగబడకుండా ఆరాక నాలుగో రోజు యూరియా చల్లితే పైరులో పెద్దగా కదలిక రాలేదు. ముందే చల్లితే నీళ్లతో పోతుందని పక్క చేనాయన అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నేలకైతే ముందే చల్లండి, అదీ నీళ్లు పెట్టే రోజే. పోయినేడాది మీరు చల్లిన గుళికలు ఆ తడి మట్టి మీద కరిగాయి గానీ వాటిని కిందికి దించే నీళ్లు మళ్లీ రాలేదు, దాంతో పైపొరలోనే అమ్మోనియాగా మారి కొంత గాలిలో కలిసిపోయి ఉంటుంది. నల్లరేగడికి క్షార గుణం ఎక్కువ కాబట్టి ఈ నష్టం ఇంకా ఎక్కువ. అదే పైన ఆరిన నేల మీద చల్లి వెంటనే పల్చగా తడి ఇస్తే, కరిగిన యూరియా వేళ్ల దాకా దిగుతుంది, అక్కడ అమ్మోనియంగా మారాక బంకమట్టి దాన్ని పట్టి ఉంచుతుంది.

పక్క చేనాయన భయం ఇసుక చెలకల్లో నిజమే. అక్కడ నీళ్లు వేళ్లను దాటి కిందికి పోతాయి, యూరియా కూడా వాటి వెంటే పోతుంది, అందుకని అలాంటి నేలల్లో తడి ఇచ్చాక పదును మీద చల్లడమే మేలు.

రోజులు లెక్కపెట్టడంతో సరిపెట్టకండి. రేపు పొద్దున రెండు మూడు మొక్కలు మట్టితో సహా పెకిలించి, కడిగి చూడండి. గింజ నుంచి వచ్చిన సన్న వేళ్లు కాకుండా, వాటికి పైన, నేల మట్టానికి అంగుళం లోపు కణుపు దగ్గర తెల్లగా, కాస్త లావుగా కొత్త వేళ్లు పొడుచుకొస్తుంటే అదే మొదటి తడికి అదను. మామూలుగా 20–25 రోజుల మధ్య వస్తుంది. ఈ తడి తప్పితే పిలకలు తగ్గుతాయి, తర్వాత ఎంత యూరియా వేసినా అవి తిరిగి రావు.

మోతాదు ఎకరానికి 48 కిలోల నత్రజని. డీఏపీతో 9 కిలోలు వచ్చేసింది, 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైచిలుకు ఉంటుంది కాబట్టి ఇప్పుడొక బస్తా, 40–45 రోజుల తడికి ఇంకో బస్తా చాలు. ఆ తర్వాత వేస్తే పైరు ఏపుగా పెరిగి గాలికి పడిపోతుంది, దయచేసి వేయకండి.

ఇంకో మాట, రెండెకరాలకూ ఒకేసారి చల్లేసి కరెంటు కోసం ఎదురుచూడొద్దు. ఆ రోజు ఎన్ని మడులు తడుస్తాయో అన్నింటికే చల్లండి, అదీ ఆకుల మీద మంచు ఆరాక, లేకపోతే గుళికలు అంటుకుని ఆకు మాడుతుంది.

ప్రశ్న: మొదటి తడి ఇచ్చిన వారానికి గోధుమ పసుపు రంగుకు తిరిగింది. ఇంకో బస్తా యూరియా వేయనా? (సంగారెడ్డి జిల్లా రైతు)

జవాబు: ఆగండి. పసుపు పల్లపు మడుల్లోనే ఉందా చూడండి. అలా ఉంటే నీళ్లు నిలిచి వేళ్లకు గాలి ఆడక వచ్చిందే, ఉన్న నత్రజని కూడా ఆ నీళ్లలో కొంత ఆవిరైపోతుంది. ముందు నీళ్లు బయటికి తీసి నేలను ఆరనివ్వండి. ఆలోగా లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. బస్తా సంగతి తర్వాతి తడికి చూద్దాం.