రోజూ పావుగంట ప్రకృతి డైరీ: కార్తెకో మొక్క

మీరు అడిగింది ఇది: అపార్టుమెంట్లో ఉంటాను, ఆఫీసు పోగా రోజుకు పావుగంట మించి దొరకదు, చెట్టూ పిట్టా పురుగూ గీసుకునే డైరీ మూడుసార్లు మొదలుపెట్టాను, పది పన్నెండు రోజులకే ఆగిపోతోంది, ఎందుకు?

దీన్ని బద్ధకం ఖాతాలో వేసుకోకండి. ఇలా ఆగిపోయిన డైరీలు తిరగేస్తే చాలావాటిలో ఒకే సంగతి కనిపిస్తుంది: రోజుకో కొత్త వస్తువు. సోమవారం మందారం, మంగళవారం కాకి, బుధవారం ఫోన్లో దొరికిన సీతాకోకచిలుక ఫొటో. ఇవాళ ఏం గీయాలా అని వెతకడానికే సగం సమయం పోతుంది. దొరికింది చేతికి కొత్త కాబట్టి బొమ్మ సరిగా రాదు. రాని బొమ్మలు వరసగా నాలుగు పడితే పుస్తకం తెరవబుద్ధి కాదు.

అందుకని ముందు వస్తువును కట్టేయండి. దానికి మన కార్తెల లెక్క చక్కగా సరిపోతుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె, పదమూడు పద్నాలుగు రోజులు, ఏడాదికి 27. ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్లో ఎప్పుడు ఏ కార్తె మొదలవుతుందో ఉంటుంది. ఒక కార్తెకు ఒకే మొక్క, అందులోనూ ఒకే రెమ్మ. విసుగు పుట్టేంత పొడవు కాదు, మార్పు కనిపించనంత పొట్టీ కాదు. పైగా రైతులు వానకీ విత్తుకీ ఈ లెక్కే చూస్తారు కాబట్టి, మీ పేజీలో మృగశిర, ఆరుద్ర అని రాసి ఉంటే ఏడాది తర్వాత కూడా ఆ రోజు ఎండా వానా ఎలా ఉండేవో ఊహకు అందుతుంది. జూన్ నెలాఖరులో వచ్చే ఆరుద్ర కార్తె పేరే, తొలి వానలకు నేల మీద పాకే ఎర్రటి మెత్తటి ఆరుద్ర పురుగుకు వచ్చింది.

ఏ రెమ్మ? చిగురు తొడుగుతున్నదే తీసుకోండి. ముదిరిన ఆకు పధ్నాలుగు రోజులూ ఒకేలా ఉంటుంది, ఐదో రోజుకు రాయడానికి ఏమీ ఉండదు. ఎంచుకున్న కణుపు దగ్గర తెల్లదారం వదులుగా కట్టండి. బిగించి కడితే కాడ లావెక్కేకొద్దీ దారం అందులో దిగబడుతుంది. రోజూ ఆ దారం నుంచి చివరికి లెక్క: ఎన్ని ఆకులు, కొసన ఉన్న ఆకు పొడవు ఎన్ని మిల్లీమీటర్లు. ఆ అంకెలనే పేజీ అడుగున చిన్న గ్రాఫుగా పెడుతూ పోతే, బొమ్మ చెడిన రోజు కూడా పేజీ వృథా కాదు. అలవాటు నిలబడటానికి నాకు తెలిసిన బలమైన ఊతం ఇదే. మనసు ఎలా ఉన్నా స్కేలు పెట్టి కొలవడానికి అర నిమిషం చాలు, కొలిచాక ఓ నాలుగు గీతలు గీయకుండా చేయి ఊరుకోదు.

అపార్టుమెంటు అడ్డేమీ కాదు. బాల్కనీ కుండీలో కరివేపాకు ఉంటే అంతకన్నా మంచి మొదటి మొక్క లేదు. కొమ్మ తుంచగానే కింది కణుపుల నుంచి కొత్త చిగుళ్ళు వస్తాయి కాబట్టి, తాలింపుకు కోసిన మర్నాడే డైరీ మొదలుపెట్టవచ్చు. ఆకుల మీద నలుపూ తెలుపూ కలిసిన పిట్టరెట్టలాంటిది కనిపిస్తే దులిపేయకండి. అది సీతాకోకచిలుక గొంగళిపురుగు కావచ్చు. కరివేపాకు మీదా నిమ్మ మీదా గుడ్లు పెట్టే జాతులున్నాయి. వాటి పిల్ల మొదట రెట్టలా ఉండి, చివరి కుబుసం విడిచాక పచ్చగా మారుతుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా ఇంచుమించు నెల, అంటే రెండు కార్తెల డైరీ తానై ఇంటికి వచ్చినట్టు. కుండీ లేకపోతే కిటికీలోంచి కనిపించే వీధి చెట్టు, అదీ లేకపోతే వంటిల్లు: బీరకాయ మీద పది నిలువు గట్లుంటాయా, బెండకాయ అడ్డంగా కోస్తే ఎన్ని గదులు, పొట్లంలో మొలకెత్తిన పెసలు రోజుకెంత పొడవు.

సామాను విషయంలో ఎక్కువమంది తప్పు చేసేది కాగితం దగ్గర. బడిపిల్లల డ్రాయింగ్ పుస్తకం కాగితం తడి తగలగానే ఉబ్బి ముడతలు పడుతుంది, వెనక పేజీకి రంగు దిగుతుంది. అలాగని 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, అంకె పెరిగితే కాగితం మందం) వాటర్ కలర్ పుస్తకం కొంటే, అందులో పేజీలు తక్కువ, ధర ఎక్కువ, చెడగొడతామేమోనన్న భయంతో తెరవరు. 200 జీఎస్ఎం ఏ5 (ఏ4లో సగం సైజు) స్కెచ్‌బుక్ రెండింటికీ మధ్యస్థం. పలచటి రంగు పూతలు రెండు తట్టుకుంటుంది, ఒడిలో పెట్టుకుని గీయవచ్చు. 40 కాగితాల పుస్తకంలో 80 పేజీలు. రోజుకు అర పేజీ చొప్పున 160 రోజులు, అంటే దాదాపు పన్నెండు కార్తెలు. ఏ4 వద్దు. పావుగంటలో ఏ4 నిండదు, నిండని తెలుపు మర్నాడు నిరుత్సాహపరుస్తుంది.

మిగతావి: ఒక 2బి పెన్సిలు, 15 సెంటీమీటర్ల స్కేలు, బాల్ పెన్ను, 12 రంగుల వాటర్ కలర్ బిళ్ళల డబ్బా, 6వ నంబరు గుండ్రటి బ్రష్ ఒకటి, పాత నూలుగుడ్డ ముక్క. పెన్ను దగ్గర జాగ్రత్త. జెల్ పెన్ను గీత మీద తడి బ్రష్ ఆడితే చాలావాటి సిరా చెదిరి ఆకంతా బూడిదరంగు అవుతుంది, మామూలు ఫౌంటెన్ పెన్ను సిరా కూడా అంతే. ఐదు రూపాయల బాల్ పెన్ను చెదరదు. సన్నటి నల్ల గీత కావాలంటే నీటికి చెదరని పిగ్మెంట్ సిరా ఉన్న 0.3 ఫైన్‌లైనర్ (సన్నమొన పెన్ను) కొనండి, గీశాక రెండు నిమిషాలు ఆగి రంగు వేయండి. అన్నీ ఒకే జిప్ సంచిలో, మీరు కూర్చునే కుర్చీ పక్కనే ఉండాలి. అల్మారాలోంచి తీయాల్సి వస్తే నాలుగోరోజే మానేస్తారు.

ఇక పావుగంట. పొద్దున కాఫీ తాగే సమయానికి ముడిపెడితే బాగుంటుంది. వెలుతురు ఏటవాలుగా ఉండి ఆకు ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి, పిట్టలు కూడా అప్పుడే హుషారుగా తిరుగుతాయి. మొదటి రెండు నిమిషాలు గీయకండి, రాయండి: తేదీ, కార్తె, టైము, చోటు, మబ్బా ఎండా, గాలి ఉందా. తర్వాత కొలతలు. ఆ పైన ఏడెనిమిది నిమిషాలు బొమ్మ, మిగిలిన సమయంలో మూడు వాక్యాలు: ఇవాళ కంటికి ఏం తగిలింది, ఏం అర్థం కాలేదు, దీన్ని చూస్తే ఏది గుర్తొస్తోంది. రెండో వాక్యమే అన్నిటికన్నా విలువైనది. కానుగాకుల మీద ఆ బుడిపెలు ఎందుకు వస్తాయి అని ఒకరోజు రాసుకుంటే, ఇంకోరోజు అవి కంటికి కనిపించనంత చిన్న నల్లులు (మంచాల్లోవి కావు, మైట్లు) చేసేవని తెలుసుకుంటారు. ఆ తర్వాత ఏ కానుగ కింద నిలబడినా తల ఎత్తి చూస్తారు.

బొమ్మ ఎలా గీయాలో కాస్త వివరంగా చెబుతాను, తడబడేది ఇక్కడే. ఆకును అంచు నుంచి మొదలుపెడితే తిరిగివచ్చేసరికి రెండు కొసలూ కలవవు. నడిమి ఈనెతో మొదలుపెట్టండి. కాడ నుంచి కొస దాకా దాని వంపు ఒక్క గీతగా గీసి, ఆ గీత మీద ఆకు ఎక్కడ అన్నిటికన్నా వెడల్పుగా ఉందో చుక్క పెట్టండి. చాలా ఆకుల్లో అది సరిగ్గా మధ్యలో ఉండదు. పెన్సిలును ఆకు పక్కన పట్టి, వెడల్పు పొడవులో ఎన్నో వంతో చూసుకుని అటూ ఇటూ గుర్తులు పెట్టి, అప్పుడు అంచు కలపండి. పక్క ఈనెలు ఎదురెదురుగా బయల్దేరుతున్నాయా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది చూడకుండా గీస్తే చేయి తనకు అలవాటైన చేపముల్లు గీసేస్తుంది. వేపాకునే చూడండి: ప్రతి చిన్నాకూ మొదట్లో ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు, కొడవలిలా ఒంపు. దాన్ని సమానంగా గీస్తే వేపాకు పోలిక రాదు, ఎందుకు రాలేదో కూడా అర్థం కాదు.

చేయి బిగుసుకున్న రోజున, రాలిన ఆకును కాగితం మీద పెట్టి చుట్టూ గీయండి, లేదా కాగితం కింద పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దండి. ఇది మోసం కాదు, కచ్చితమైన నమోదు. ఈనెలు ఎత్తుగా ఉండే వెనక వైపు పైకి ఉండాలి. స్కెచ్‌బుక్ కాగితం మందం కాబట్టి మామూలు తెల్లకాగితం మీద రుద్ది అతికించుకోండి.

రంగు దగ్గర ఒక్కటే నియమం పెట్టుకోండి: డబ్బాలోని ఆకుపచ్చను నేరుగా వాడొద్దు, ప్లాస్టిక్ మొక్కలా ఉంటుంది. నిమ్మపసుపులో అల్ట్రామెరీన్ నీలం కొంచెం కొంచెంగా కలుపుతూ పచ్చ తెచ్చుకుని, బ్రష్ కొసన రవ్వంత ఎరుపు తగిలించండి, ముదురాకు పచ్చ వస్తుంది. నీలంలో పసుపు పోస్తూ పోతే డబ్బా అయిపోతుంది కానీ లేతపచ్చ రాదు, పసుపుతోనే మొదలుపెట్టాలి. వేప చిగురుకు పచ్చే అక్కర్లేదు. రాగి ఎరుపుకు నారింజలో పిసరంత నీలం చాలు. ముందు పలచటి పూత ఆకంతా వేసి, పూర్తిగా ఆరాక ఈనెల పక్కన నీడ వేయండి. సగం ఆరిన పూతను మళ్ళీ ముట్టుకుంటే కాలీఫ్లవర్ అంచులాంటి మరక పడుతుంది, దాన్ని సవరించాలని చూసినకొద్దీ పెరుగుతుంది. వదిలేయండి.

ఎండాకాలం మధ్యాహ్నం బ్రష్ ఎత్తేలోపే రంగు ఆరి అంచులు గట్టిపడతాయి. ముందు ఉత్త నీటితో ఆ చోటు తడిపి అప్పుడు రంగు వేయండి. కోస్తాలో వానాకాలం దీనికి తలకిందులు. పేజీ గంటకైనా ఆరదు, డబ్బా తడిగా మూస్తే రంగు బిళ్ళల మీద బూజు పడుతుంది. మూత తెరిచి ఫ్యాను కింద ఆరబెట్టి మూయండి. ఆ నెలల్లో పెన్సిలు, బాల్ పెన్ను మీదే ఎక్కువ నడిపించడం తెలివైన పని.

పిట్టలను మొదటి కార్తెలో ముట్టుకోకండి, అవి ఆగవు. తర్వాత కూడా ఒకే పేజీలో అయిదారు సగం సగం బొమ్మలు వేయండి. ముందు వెన్ను వాలు ఒక గీత, దాని మీద ఒళ్ళు ఒక కోడిగుడ్డు, తల ఒక గోళీ. ఎగిరిపోతే ఆపి పక్కన ఇంకొకటి మొదలుపెట్టండి. అది మళ్ళీ అదే భంగిమలో కూర్చున్నప్పుడు పాత బొమ్మకు తిరిగిరండి. గుర్తుపట్టడానికి పనికొచ్చేది మాటల్లో రాయండి: గోరింకకు కంటి వెనక పసుపు, ఎగిరితే రెక్కల్లో తెల్లమచ్చ. పికిలి పిట్టకు తోక మొదట్లో అడుగున ఎరుపు.

ఆకులు అతికించాలనుకుంటే న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టి బరువు పెట్టండి. మొదటి మూడు రోజులూ రోజూ కాగితం మార్చకపోతే నల్లబడతాయి. వారం పది రోజులకు పెళుసుగా అయ్యాక పలచటి జిగురుతో అతికించండి. సెల్లోటేపు కొన్నేళ్ళకు పసుపెక్కి ఊడిపోతుంది. రాలినవే ఏరండి. అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో అదీ వద్దు, అక్కడి నుంచి బొమ్మ మాత్రమే తెచ్చుకోండి. హైదరాబాదు కేబీఆర్ పార్కు నడకదారే అని చాలామంది అనుకుంటారు, అదీ జాతీయ పార్కే.

ఒకరోజు తప్పితే ఆ తేదీ వేసి ఒక గీత గీసి ముందుకు సాగండి. మర్నాడు రెండు రోజులది కలిపి గీయొద్దు, జ్ఞాపకం నుంచి గీసిన కొలతలు గ్రాఫును పాడుచేస్తాయి. వరసగా రెండోరోజు మాత్రం తప్పనివ్వకండి. జ్వరమొచ్చినా, ప్రయాణమున్నా తేదీ, వాతావరణం, ఒక్క వాక్యం చాలు, ఆ రోజు లెక్కలోకి వస్తుంది. రోజువారీ బొమ్మలు ఫోన్లో అందరికీ పంపడం మొదటి రెండు కార్తెలు ఆపండి. చూపించడానికని గీసినప్పుడు కొలవడం మానేసి అందంగా దిద్దడం మొదలవుతుంది.

కార్తె చివరి రోజున కొత్తది గీయకండి. మొదటి రోజు గీసిన కోణంలోనే అదే రెమ్మను మళ్ళీ గీసి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి మారినవి లెక్కబెట్టండి. దారం విప్పి, తర్వాతి కార్తెకు ఎంచుకున్న మొక్కకు ఆ సాయంత్రమే కట్టేయండి. మర్నాడు పొద్దున వెతుకులాట ఉండదు.