కొండ మీద మంట ఆరింది, గేదెల దగ్గు తగ్గలేదు. ఏం చేయాలి?

ప్రశ్న: మాది విజయవాడ పక్కన జి.కొండూరు మండలంలో, కొండపల్లి కొండల కింద ఊరు. నాలుగు రోజుల కిందట రాత్రి కొండ మీద అడవి అంటుకుంది. ఊరంతా తెల్లవార్లూ మేలుకుని, మంట ఎక్కడిదాకా వచ్చిందో వాట్సాప్ గ్రూపులో చూసుకుంటూ కూర్చున్నాం. ఒకరు ఆరిపోయిందన్నారు, ఒకరు చేల గట్లదాకా వచ్చేసిందన్నారు. ఎర్రచుక్కలున్న ఉపగ్రహ పటం ఒకటి ఎవరో పెట్టారు, అది ఎవరికీ అర్థం కాలేదు. మూడు గంటలప్పుడు నిప్పురవ్వలు పడి మా గడ్డివామి అంటుకుంది. అప్పుడు గేదెలను విప్పి, కాలిన గడ్డి మీదుగానే రోడ్డెక్కించాం. ఆరు గేదెల్లో రెండు దగ్గుతున్నాయి, కళ్ల వెంట నీళ్లు. పూటకు నాలుగు లీటర్లిచ్చేది రెండున్నరకు పడింది. ఒకటి ఎనిమిదో నెల చూడిది. ఒక పెయ్యకు వీపు మీద కాలింది. పొగ కడుక్కుపోతుందని వేరుశనగ నూనె పట్టించమంటున్నారు. సగం మిగిలిన వామి మేపవచ్చా? కొండ పక్క మామిడి చెట్లు మాడాయి, కొట్టేయాలా? కొండ మీది బూడిద తెచ్చి చేలో చల్లుకోవచ్చా? మళ్లీ ఇలా జరిగితే గేదెలను ఎప్పుడు విప్పాలో ఎలా తెలుస్తుంది?
– ఒక పాడి రైతు, ఎన్టీఆర్ జిల్లా

జవాబు: అయ్యా, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ నూనె పట్టించకండి. నూనే కాదు, మిరియాల కషాయం, బెల్లం నీళ్లు, ఏదీ గొట్టంతో నోట్లో పోయవద్దు. ఆయాసపడే గేదె తల పైకెత్తి పోస్తే అది సరిగా మింగలేదు. పోసింది కడుపులోకి బదులు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నూనె అక్కడికి చేరితే తీసే మందు లేదు. పొగను తట్టుకుని బతికిన గేదె ఈ నూనెతో చనిపోవడం చూసినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మీకు సలహా ఇచ్చినవారు మేలు కోరే ఇచ్చారు, కానీ పొగ ఉన్నది కడుపులో కాదు.

పొగ ఏం చేస్తుందో తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. శ్వాసనాళాల లోపలి గోడల మీద కంటికి కనబడనంత సన్నని నూగు ఉంటుంది. లోపలికి వచ్చిన దుమ్మునూ క్రిములనూ ఊడ్చి పైకి పంపేది అదే. ఒక రాత్రంతా పొగ పీలిస్తే ఆ నూగు దెబ్బతింటుంది. మళ్లీ మొలిచేదాకా మామూలు రోజుల్లో ఏమీ చేయలేని క్రిములు కూడా తిన్నగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అందుకే మంట రాత్రి బాగానే ఉన్న గేదెకు మూడో రోజునో, ఐదో రోజునో, వారం తర్వాతో న్యుమోనియా మొదలవుతుంది. మీరు ఇప్పుడు నాలుగో రోజులో ఉన్నారు. దగ్గుతున్న రెండింటినే కాదు, దగ్గని నాలుగింటినీ మరో పది రోజులు కనిపెట్టి ఉండాలి.

రోజూ తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు, గేదె పడుకునో కదలకుండా నిలబడో ఉన్నప్పుడు డొక్క ఎన్నిసార్లు ఎగసిపడుతోందో ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను నుంచి ఇరవై ఐదు దాకా ఉంటే ఫరవాలేదు. నలభై దాటితే ఆగకండి, వైద్యుణ్ని పిలవండి. మధ్యాహ్నం లెక్క పనికిరాదు. గేదెకు చెమట గ్రంథులు తక్కువ, తోలు నలుపు, ఈ ఎండల్లో ఆరోగ్యంగా ఉన్నదైనా రొప్పుతుంది. థర్మామీటరు ఉంటే ఆసనంలో పెట్టి చూడండి, 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరమే. మెడ చాచి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు నుంచి నురగో చిక్కటి పసుపు చీమిడో కారుతున్నా, నెమరు ఆపేసినా మీ పశు వైద్యుణ్ని పిలవండి. ఆయన దొరక్కపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశు వైద్య వాహనం మీ ఊరికే వస్తుంది. యాంటీబయాటిక్ ఏది, ఎన్ని రోజులు అన్నది పశువును చూసిన వైద్యుడే చెప్పాలి. మందుల దుకాణంలో అడిగి సూది వేయించకండి. ఆ మందు వాడినన్నాళ్లూ, ఆపాక వైద్యుడు చెప్పినన్ని రోజులూ ఆ గేదె పాలు కేంద్రానికి పోయవద్దు. మందు పడని గేదెల పాలకు ఇబ్బంది లేదు.

ఊపిరితిత్తులకు అసలు మందు విశ్రాంతి. నాలుగు నుంచి ఆరు వారాలు వాటిని కొండకు తోలవద్దు, దూరం నడిపించవద్దు. దొడ్డి దగ్గరే నీడన కట్టేసి మేత, నీళ్లు అక్కడికే తెచ్చివ్వండి. పేడ, మూత్రం రెండు పూటలా ఎత్తేయండి. వాటి నుంచి లేచే ఘాటు వాసన మనకు ముక్కు మండిస్తే పొగ తిన్న గేదెకు ఊపిరితిత్తులు మండిస్తుంది. దోమల కోసం పాకలో పొగ పెట్టే అలవాటు ఈ రెండు నెలలు మానేయండి, దోమతెర కట్టండి. ఎండుగడ్డి మీద నీళ్లు చిలకరించి వేస్తే దుమ్ము లేవదు. ఇంకొక మాట. పాలు పడిపోయిన గేదెల కోసం ఇలాంటప్పుడే బేరగాళ్లు వస్తారు. కంగారుపడి సగం ధరకు అమ్ముకోకండి. లారీ ఎక్కి ఎండలో నూరు కిలోమీటర్లు పోయే స్థితిలో అవి లేవు. మీ దగ్గరే ఉంటే చాలావరకు కోలుకుంటాయి, పాలూ తిరిగి ఎక్కుతాయి.

చూడి గేదెను విడిగా, గాలి బాగా ఆడేచోట కట్టండి. పొగలోని విషవాయువు తల్లి రక్తంలో ప్రాణవాయువును తగ్గించినప్పుడు కడుపులో దూడకూ ఆ లోటు తగులుతుంది. మానం (యోని) నుంచి రక్తమో చెడు వాసన ఉన్న ద్రవమో కారితే అదే రోజు వైద్యుడికి చూపించాలి.

ఇప్పుడు కాళ్ల సంగతి. మీరు అడగలేదు గానీ, కాలిన గడ్డి మీదుగా తోలామన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ రాత్రి కుంటకపోయినా, గిట్టలోపల కాలితే వారం రెండు వారాల తర్వాత గిట్ట ఊడే ప్రమాదం ఉంది. ఆరింటికీ నాలుగు కాళ్లూ కడిగి, గిట్టకూ చర్మానికీ మధ్య అంచు వేలితో తడిమి చూడండి. అక్కడ వేడిగా, ఎర్రగా, ఉబ్బి ఉన్నా, రసి కారుతున్నా, సందు పడినట్టున్నా మెత్తని ఇసుక మీదో గడ్డి పరుపు మీదో కట్టేసి వెంటనే చూపించండి. పొదుగునూ చన్నులనూ అలాగే చూడండి. చన్ను కొన కమిలితే నొప్పికి గేదె చేపదు. పాలు లోపల నిలిస్తే పొదుగువాపు వస్తుంది.

పెయ్య వీపు మీది గాయాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి రోజూ కడిగి, సిల్వర్ సల్ఫాడయజిన్ పూత రాయండి. పసుపు, సున్నం, పళ్లపేస్టు వద్దు. వేపనూనె గాయం మీద కాదు, చుట్టూ రాయండి, ఈగలు వాలవు. మానేదాకా బురద గుంటలోకి వదలకండి.

వామి విషయం. నల్లగా మాడిందీ, మీద కప్పిన పట్టా కరిగి అంటుకున్నదీ తీసి పారేయండి. మంటలార్పడానికి నీళ్లు కొట్టిన గడ్డిని విప్పి పల్చగా ఎండబెట్టాలి. బూజు పట్టిందేదీ మేపవద్దు. లోపలి పొడిగడ్డికి పొగ వాసన ఉన్నా విషం కాదు, దులిపి వేయవచ్చు. వేసవికి గడ్డి చాలకపోతే డెల్టా నుంచి వరిగడ్డి కొనితెచ్చుకుని యూరియాతో మాగబెట్టండి. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా బస్తా, కలిపిన నీళ్లు గేదెలకు అందేచోట ఉంచితే ప్రాణాలే పోతాయి.

పచ్చిమేత కరువులో జరిగే పొరపాటు ఒకటుంది. ఆకలిగా ఉన్న గేదెను నీరందక గిడసబారిన జొన్నలోకో, కోసిన మోళ్ల నుంచి వచ్చిన లేత పిలకల్లోకో వదులుతారు. అందులో నాము అనే విషం ఉంటుంది. నిమిషాల్లో కడుపుబ్బి, వణికి పడిపోతుంది. జొన్న పూతకు వచ్చాకే కోసి వేయండి. కాలిన కొండ మీద తొలి వాన పడగానే అన్నిటికంటే ముందు మొలిచేవాటిలో తలంబ్రాల కంప (లంటానా) ఒకటి. వేరే మేత లేక గొడ్లు దాన్ని తింటే కామెర్లు వస్తాయి, ఎండకు తోలు పగులుతుంది.

అందుకే, మీ ఊరు పెద్దలతో మాట్లాడి ఈ వానాకాలమంతా కాలిన మేర మేతకు వదలకుండా చూడమని నా మనవి. మొద్దుల వేళ్లలో నిప్పు రోజుల తరబడి రగులుతూ ఉంటుంది, పైకి బూడిదలా కనబడే గుంటలో కాలు పడితే అంతే. పైగా కొయ్యబొమ్మలు చెక్కే తెల్లపొణికి ఈ కొండల చెట్టే. దాని మొలకలు మేకలకు దొరక్కుండా ఒక్క వానాకాలం నిలిస్తే తర్వాత వాటి బతుకు అవే చూసుకుంటాయి.

బూడిద తేవద్దు. కట్టె బూడిద క్షారం. మన నల్లరేగళ్లు చాలావరకు ఇప్పటికే క్షారం వైపున్నాయి, అందులో బూడిద పోస్తే మొక్కకు జింకు, ఇనుము ఇంకా అందకుండా పోతాయి. రిజర్వు అడవిలోంచి ఏదైనా మోసుకురావడం చట్టం ఒప్పుకోదు కూడా. ఆ బూడిద అక్కడే ఉండాలి, అడవి మళ్లీ లేవడానికి దానికున్న ఎరువు అదొక్కటే.

మామిడి నా శాఖ కాదు, ఉద్యాన శాస్త్రవేత్తలు చెప్పేది మీకు అందిస్తున్నాను. ఆకు మాడిందని చెట్టు కొట్టకండి. బెరడు గోటితో గీకండి, కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. తేలికపాటి తడులు ఇచ్చి, కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తుందో చూశాక ఎండిన కొమ్మలు తీయవచ్చు. బెరడు పగిలిన మొదళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయండి. దెబ్బతిన్న చెట్టును కాండం తొలిచే పురుగు వెతుక్కుంటూ వస్తుంది.

చివరగా మీరు అడిగిన పెద్ద ప్రశ్న, ఎప్పుడు విప్పాలి? ఆ ఎర్రచుక్కలు అర్థం కాకపోవడం మీ తప్పు కాదు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా మంటలు గుర్తించి, నమోదు చేసుకున్నవారికి ఫోన్‌కు సందేశం పంపుతుంది. మీ ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు నమోదు చేసుకోండి. కానీ ఒక్కో చుక్క దాదాపు 375 మీటర్ల చదరంలో ఎక్కడో మంట ఉందని మాత్రమే చెబుతుంది. ఆ ఉపగ్రహం మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతాల్లో. మధ్యలో మంట ఎటు పాకిందో దానికి తెలియదు. అడవి అంటుకుందని తెలియడానికి అది మేలు, మీ దొడ్డి ఖాళీ చేయాలా వద్దా అన్నదానికి కొండను రోజూ చూసే మీ కళ్లే మేలు.

మంట ఎగువకు పరుగెత్తుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపవుతుంది. కొండ కింద ఉన్నాం కదా, మనవైపు మెల్లగానే వస్తుందని ఊరు నిబ్బరంగా ఉండేది అందుకే. కానీ పొద్దుగూకాక గాలి కొండ మీది నుంచి కిందికి జారుతుంది, దాంతో పొగ వచ్చి పల్లంలో, మీ పాకల్లో నిలుస్తుంది. మండుతున్న మొద్దులు దొర్లి కింది గడ్డిని కొత్తగా అంటిస్తాయి. మీ గేదెలు మూడు గంటలకు కాదు, అంతకు చాలా ముందు నుంచే ఆ పొగ పీలుస్తున్నాయి. కాబట్టి మంట కోసం ఆగకండి. పాకలో మీ కళ్లు మండటం మొదలైతే అదే విప్పే వేళ.

గ్రూపులో అందరూ అన్నీ పెట్టకుండా, కొండ బాగా కనబడే చోట్ల ఇళ్లున్న ముగ్గురే కబురు పెట్టాలని ముందే అనుకోండి. 'అక్కడ' అనకుండా గుట్ట పేరు, వాగు పేరు, చూసిన టైము చెప్పాలి. ఫలానా గుట్ట దాటితే గేదెలు కదలాలని ఇప్పుడే తీర్మానించుకోండి. తోలేది ఎక్కడికో కూడా పగలే చూసుకోవాలి. దున్నిన చేనో తడిపిన పొలమో మేలు, దారిలో ఎండుగడ్డి ఉండకూడదు. పలుపు ఒక్క లాగుకు ఊడే ముడితో కట్టండి. టైము లేకపోతే కోసి వదిలేయండి, కట్టుగొయ్యకు మాత్రం ఉంచవద్దు. చెవికున్న పసుపు ట్యాగు మీది 12 అంకెలను ఫోటో తీసి ఉంచుకుంటే తప్పిపోయినా దొరుకుతాయి. మాఘం దాటకముందే పాక చుట్టూ ముప్పై అడుగుల మేర ఎండుగడ్డి చెక్కేయండి, వామిని పాకకు దూరంగా వేయండి. మొక్కజొన్న మోళ్లు, గట్ల మీది గడ్డి తగలబెట్టే పని మాత్రం కొండ కింద ఊళ్లన్నీ మానాలి. కొండ మీది మంటల్లో కొన్ని మన చేలల్లోంచి పోయినవే. ఈసారిది ఎవరి చేతిలోంచి పోయిందోనని గ్రూపులో తగాదా పడేకన్నా ఈ కట్టుబాటు ఒకటి పెట్టుకోండి.

తొలకరి మాట కూడా ఇప్పుడే చెబుతాను. కాలిన నేల పైపొర నీటిని ఇంకనివ్వదు. చిన్న వానకే నల్లనీళ్లు, మట్టి కలిసి వాగుల్లోకి దూకుతాయి. బుడమేరు వాగు పుట్టేది ఈ కొండల్లోనే, 2024 సెప్టెంబరులో అది విజయవాడను ఎలా ముంచిందో మనమంతా చూశాం. జూన్ రాకముందే మీ ఊరి వాగులో పూడిక, కంప తీయించమని పంచాయతీని అడగండి. వాలు చేలకు అడ్డంగా రాతి కట్టలు వేసుకోండి. ఇక చెరువు. మొదటి రెండు మూడు వానల నీరు బూడిదతో నల్లగా దిగుతుంది. ఆ నీరు తేటపడేదాకా గేదెలను చెరువుకు వదలకండి, బోరునీళ్లే తొట్లలో పోయండి.