ముందు యాక్సిల్ మార్చబోతున్న మేనల్లుడికి

రావులపాలెం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ థార్ సీఆర్‌డీఈ బండికి ముందున్న, ఒక్కొక్క చక్రం విడిగా కదిలే టార్షన్ బార్ల ఇండిపెండెంట్ సస్పెన్షన్‌ను కోసివేసి, రెండు చక్రాలనూ ఒకే ఇరుసుగా కలిపే పాత జీపు యాక్సిల్‌ను కమాన్ కట్టల మీద నిలబెట్టాలని నిశ్చయించుకున్నావనీ, వచ్చే ఆదివారమే గ్యాస్ కట్టరు పట్టబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కోతకు ఒక పూట చాలు గాని, అంతకు ముందు కొలతలకు రెండు వారాలైనా పడుతుంది కనుక, ఆ ఆదివారాన్ని టేపుకూ తూకం గుండుకూ కేటాయించు.

కాగితాల సంగతి ముందు తేల్చుకో. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీ వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 182ఏ సెక్షన్ కింద ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. రవాణా కార్యాలయం వారు కాదంటే, రెండు వైపులా ఇటువంటి యాక్సిళ్లే కంపెనీ నుంచి వచ్చిన పాత జిప్సీని వెతుక్కోవడం మేలు. ఈ మాట నీకు రుచించదని తెలుసు.

మారేడుమిల్లి వైపు రాళ్ల దారుల్లో ఒక చక్రం పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగి నేలను పట్టుకోవడమే ఈ యాక్సిల్ గొప్ప. మన లంక భూముల ఒండ్రు బురదలో మాత్రం షాఫ్టు తిప్పుడును చక్రాలకు పంచే దాని డిఫరెన్షియల్ గుండు నాగలి కర్రులా నేలను దున్నుకుంటూ పోతుంది. కమాన్లు ఎత్తు చేస్తే ఛాసిస్ లేస్తుంది గాని ఆ గుండు లేవదు. టైరు వ్యాసం 2 అంగుళాలు పెంచితే అది లేచేది ఒక్క అంగుళం.

యాక్సిల్ కొనేముందు చక్రం బిగించే ముఖం నుంచి అవతలి ముఖం వరకు వెడల్పు కొలిచి, వెనుక యాక్సిల్‌తో సరిపోల్చు. ఇంజను శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు షాఫ్టు ఏ పక్కన వస్తుందో డిఫరెన్షియల్ కూడా ఆ పక్కనే ఉండాలి. దానిలోని పెద్ద పళ్లచక్రం క్రౌన్, దానిని తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్, ఈ రెండింటి పళ్లను స్వయంగా లెక్కపెట్టు: వెనుక 41కి 11, ముందు 41కి 10 ఉంటే, షాఫ్టు 100 చుట్లు తిరిగినప్పుడు వెనుక చక్రాలు దాదాపు 26.8 చుట్లు, ముందువి 24.4 చుట్లు తిరుగుతాయి. బురదలో టైర్లు జారి ఆ తేడా సర్దుకుంటుంది గాని, గట్టి నేల మీద ఫోర్ వీల్ వేస్తే జాయింట్లు విరుగుతాయి.

చాలామంది తప్పు చేసేది క్యాస్టర్ దగ్గర, అంటే చక్రం మలుపు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలే కోణం దగ్గర. బండి ఎత్తు పెరిగితే ముందు షాఫ్టు వాలు పెరుగుతుంది. దానిని తగ్గించడానికి కమాన్ కింద ముక్కలు పెట్టి పినియన్ ముక్కును పైకి తిప్పుతారు. కాని పినియనూ కింగ్ పిన్ కోణమూ ఒకే హౌసింగుకు, అంటే యాక్సిల్ గొట్టానికి, అంటుకొని ఉన్నవి కనుక, ముక్కు ఎన్ని డిగ్రీలు లేస్తే క్యాస్టర్ అన్ని డిగ్రీలు పోతుంది. అప్పుడు మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. హైవే మీద బండి అటూ ఇటూ ఊగుతుంది. 5 డిగ్రీలకు తక్కువ కాకుండా క్యాస్టర్ ఉంచుకో. చక్రాన్ని లోపలి ఇరుసు నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్బులు ఉంటే ముందు షాఫ్టు తారు రోడ్డు మీద తిరగదు కనుక, కొంత వాలును అది భరిస్తుంది. షాఫ్టు వాలు తగ్గడమూ క్యాస్టర్ నిలవడమూ రెండూ కావాలంటే, చక్రాలు మలుపు తిరిగే కీళ్లైన నకిల్ చివరల వెల్డింగు కోసి, వాటిని మాత్రమే తిప్పి మళ్లీ అతికించాలి. అది నిఖార్సైన లేత్ పనివాడికే అప్పగించు.

నీ బండి ర్యాక్ స్టీరింగు ఛాసిస్‌కు బిగించినది, యాక్సిల్‌తో పాటు లేచి దిగలేదు. దాని స్థానంలో స్టీరింగు బాక్సు రావాలి. ఆ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ, అంటే డ్రాగ్ లింకు, వీలైనంత అడ్డంగా ఉండేటట్టు చూడు.

నేను తొలిసారి ఈ పని చేసినప్పుడు బండి నిలబడి ఉండగా యాక్సిల్‌కూ ఇంజనుకూ మధ్య సందు చూసుకొని తృప్తి పడ్డాను. కాలువ గట్టు మీద గోతిలో ముందు చక్రాలు పడగానే హౌసింగు లేచి ఆయిల్ ఛాంబరును గుద్దింది. ఇంజనాయిలంతా గట్టు పాలైంది. కమాన్లు పూర్తిగా నొక్కుకున్న స్థితిలో ఛాంబరుకు సందు కొలిచి, అంతకు ముందే ఆగేలా రబ్బరు స్టాపులు పెట్టు. కమాన్లు కూర్చునే దిమ్మలను యాక్సిల్‌కు ముందు చుక్కలుగా అతికించి, బండి బరువంతా చక్రాల మీదికి దించి, కోణాలు సరిచూశాకే పూర్తి వెల్డింగు చేయించు. ఒకేసారి లాగితే గొట్టం వంకర పోతుంది కనుక కొంచెం అతికించి, చల్లారనిచ్చి, మళ్లీ అతికించమను. బ్రేకు గొట్టాల పొడవును చక్రం పూర్తిగా వేలాడుతున్నప్పుడు చూసుకో.

హౌసింగుకు గాలి ఆడే రంధ్రమైన బ్రీదర్‌కు పొడవైన గొట్టం తగిలించి బానెట్ కింద కట్టు. వేడెక్కిన హౌసింగు కాలువ నీటిలో మునిగి చల్లబడగానే లోపలికి నీటిని పీలుస్తుంది, ఆయిలు మజ్జిగలా తెల్లబడుతుంది. యాక్సిల్‌కు బయానా ఇవ్వకముందే కొలతలన్నీ కాగితం మీద వేసి నాకు పంపు.

ఇట్లు,
మామయ్య